గుండెలో గీసే రంగుల పటాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? (చర్చ)

కృష్ణాతీరం (ఆదివారం, ఉదయం 9.10)

సభ్యులందరికీ నమస్కారం. మా అక్కయ్య వయసు 46 సంవత్సరాలు. పుట్టుకతో గుండె పై గదుల మధ్య గోడలో రంధ్రం ఉంటే, తొమ్మిదేళ్ల వయసులో శస్త్రచికిత్స చేసి మూశారు. ఆ తరువాత ముప్పై ఏళ్లకు పైగా ఏ ఇబ్బందీ లేదు. రెండేళ్లుగా మాత్రం గుండె ఉన్నట్టుండి నిమిషానికి 125 సార్లు కొట్టుకోవడం మొదలై, గంటల తరబడి అదే వేగంతో సాగుతోంది. మొదట చూపించుకున్న చోట ఆందోళన వల్లనేనని చెప్పి నిద్రమాత్రలు రాసి పంపించారు. దడ ఉన్నప్పుడు ఒక్క ఈసీజీ తీసి ఉంటే ఏడాదిన్నర కాలం పోయేది కాదన్న బాధ మా ఇంట్లో అందరికీ ఉంది.

ఇప్పుడు వేరే వైద్యులు ఈసీజీ చూసి ఏట్రియల్ ఫ్లటర్ అని తేల్చి, కాథెటర్ అబ్లేషన్ (సిర గుండా సన్నని గొట్టం పంపి, గుండెలో లోపం ఉన్న చోటును కాల్చే చికిత్స) చేయించమన్నారు. అయితే మామూలు పద్ధతి చాలదని, త్రీడీ మ్యాపింగ్‌తోనే చేయాలని, దానివల్ల ఖర్చు బాగా పెరుగుతుందని చెప్పారు. నమూనాగా ఒక గుండె పటం కూడా చూపించారు. ఎరుపు నుంచి ఊదా వరకు అన్ని రంగులూ ఉన్న ఆ బొమ్మ చూస్తే అంతా స్పష్టంగా తెలిసిపోతున్నట్టే అనిపించింది. అది నిజంగా గుండెను చూసి తీసిన చిత్రమా, లేక కంప్యూటర్ ఊహించి గీసినదా? మా అక్కయ్య విషయంలో అది తప్పనిసరా? తెలిసినవారు ఓపికగా వివరించగలరు.

నాడిపట్టు (ఆదివారం, మధ్యాహ్నం 1.35)

కృష్ణాతీరం గారూ, నేను గుండె లయ దోషాలకు చికిత్స చేసే వైద్యుణ్ణి. మీ అక్కగారి కాగితాలు చూడలేదు కాబట్టి ఆమె గురించి తీర్పు చెప్పను. ఆమె చరిత్ర ఉన్నవారికి త్రీడీ మ్యాపింగ్ ఎందుకు అడుగుతామో మాత్రం చెబుతాను.

ఫ్లటర్‌లో విద్యుత్ ప్రేరణ కర్ణికలో (గుండె పై గదిలో) ఒక వలయం చుట్టూ ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. సాధారణ రకంలో ఆ వలయం, కుడి వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉన్న త్రిపత్ర కవాటం చుట్టూ ఉంటుంది. ఆ కవాటానికీ, దేహం కింది భాగం నుంచి రక్తం తెచ్చే పెద్ద సిరకూ మధ్య ఒక సన్నని దారి ఉంది. ప్రేరణ తిరగాలంటే అక్కడి నుంచి వెళ్లక తప్పదు. ఆ దారికి అడ్డంగా ఒక గీతలా కణజాలాన్ని వేడితో మాడ్చితే వలయం తెగిపోతుంది. ఆ దారి ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి ఎక్స్‌రే తెర మీద కాథెటర్లను చూసుకుంటూ కూడా ఆ పని చేయవచ్చు. ఎన్నో ఏళ్లు అలాగే చేశాం, ఇప్పటికీ చేస్తున్నాం.

చిన్నప్పుడు కర్ణికను కోసి కుట్టినవారి సంగతి వేరు. ఆ కోత మానిన చోట మచ్చ మిగులుతుంది. విద్యుత్తు మచ్చను దాటలేదు, కానీ దాని అంచు వెంట నెమ్మదిగా చుట్టి రాగలదు. అంటే వలయం కవాటం చుట్టూ ఉండవచ్చు, కుడి కర్ణిక పక్క గోడలోని కోత మచ్చ చుట్టూ ఉండవచ్చు, రెండింటి చుట్టూ ఒకేసారి ఎనిమిది అంకె ఆకారంలో కూడా ఉండవచ్చు. ఈసీజీ చూసి వీటిని వేరు చేయడం చాలాసార్లు సాధ్యం కాదు. ఎక్స్‌రేలో మచ్చ కనిపించదు. ఎక్కడ గీత గీయాలో తెలియకుండా కాల్చడం కంటే ముందు పటం తీసుకోవడం మంచిది. మీ వైద్యులు అడిగినది ఈ కారణంతోనే అయితే అది సబబైన మాట.

నిమిషానికి 125 అన్న అంకె మీద ఒక మాట. కర్ణిక నిమిషానికి 250 సార్లు కొట్టుకుంటూ, ప్రతి రెండింటిలో ఒకటే కింది గదులకు దిగితే నాడి సరిగ్గా 125 దగ్గర స్థిరంగా ఉంటుంది. ఆందోళన వల్ల వచ్చే దడ ఇలా ఒకే అంకె మీద గంటల తరబడి నిలిచి ఉండదు. మీ బాధ న్యాయమైనదే.

తెరవెనుక (ఆదివారం, రాత్రి 8.20)

నేను హైదరాబాదులో, గుండె విద్యుత్తును పరీక్షించే ఈపీ ల్యాబ్‌లో మ్యాపింగ్ కన్సోల్ దగ్గర పనిచేస్తాను. అది చిత్రమా, ఊహా అన్న ప్రశ్నకు నా సమాధానం: రెండింటి మధ్యలో ఉంటుంది.

తొడ దగ్గరి సిర గుండా రెండు మూడు కాథెటర్లను గుండెలోకి పంపుతారు. ఒకదాన్ని కరొనరీ సైనస్ అనే సిరలో కదలకుండా ఉంచుతాం. అదే మా గడియారం; ప్రతి కొలతా దానిలో కనిపించే సంకేతంతో పోల్చి చూస్తాం. రెండో కాథెటర్‌ను వైద్యులు కర్ణిక లోపలి గోడ మీద ఒక్కొక్క చోటికి కదుపుతారు. అది తాకిన ప్రతిచోటా యంత్రం మూడు విషయాలు నమోదు చేస్తుంది: ఆ బిందువు స్థానం, అక్కడికి ప్రేరణ ఎన్ని మిల్లీసెకన్ల ముందుగానో ఆలస్యంగానో చేరింది, ఆ సంకేతం ఎన్ని మిల్లీవోల్టులు ఉంది. ముందుగా చేరిన చోట ఎరుపు, చివరగా చేరిన చోట ఊదా, సంకేతం దాదాపు లేని మచ్చకు బూడిద రంగు వేస్తాం. ఒకప్పుడు ఒక్కొక్క బిందువునూ తీసుకుంటూ నూరు, నూటయాభై పోగు చేయడానికి గంట పట్టేది. ఇప్పుడు 64 ఎలక్ట్రోడ్లున్న బుట్ట ఆకారపు కాథెటర్ల వంటివి వచ్చాయి కాబట్టి కొద్ది నిమిషాల్లో వేల బిందువులు వస్తున్నాయి.

బిందువులన్నీ కొలిచినవే. వాటి మధ్య రంగు మాత్రం యంత్రం పూరించినది. కాథెటర్ వెళ్లని మూల ఉంటే, చుట్టుపక్కల రంగులను చూసి యంత్రం అక్కడ కూడా రంగు పులిమేస్తుంది. మీరు చూసిన బొమ్మలో ఏది కొలత, ఏది పూరణ అన్నది చూడగానే తెలియదు. మేము బిందువులను తెరమీదకు తెప్పించి చూసుకుంటాం.

గొలుసుకొలత (సోమవారం, ఉదయం 6.45)

నేను సర్వే శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. మూడేళ్ల క్రితం నాకు కూడా ఈ చికిత్స జరిగింది కాబట్టి ఈ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. పొలం కొలిచేటప్పుడు బయలుదేరిన రాయి దగ్గరికి తిరిగి వచ్చాక ఎంత తేడా వచ్చిందో చూసుకోవడం మా మొదటి నియమం. ఆ తేడా హద్దు దాటితే పటం చెల్లదు. ఇక్కడ కొలిచే నేల క్షణం కూడా నిలకడగా ఉండదు. గుండె కొట్టుకుంటుంది, ఊపిరితో పైకీ కిందికీ జరుగుతుంది. అలాంటప్పుడు స్థానం ఎంత ఖచ్చితంగా తెలుస్తుంది? తేడా వచ్చిందని ఎలా పట్టుకుంటారు?

డల్లాస్‌నుంచి (సోమవారం, ఉదయం 10.05)

గొలుసుకొలత గారూ, వైద్య పరికరాల ఇంజినీరుగా స్థానం సంగతి నేను చెబుతాను. ఇందులో రెండు పద్ధతులున్నాయి.

మొదటిది అయస్కాంత పద్ధతి. రోగి పడుకునే బల్ల కింద మూడు తీగచుట్టలు ఉంటాయి. ఒక్కొక్కటీ తనదైన బలహీన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. కాథెటర్ కొనలో ఉన్న చిన్న సెన్సర్ ఆ మూడు క్షేత్రాల బలాన్ని కొలిచి, ఒక్కొక్కదానికి తాను ఎంత దూరంలో ఉన్నదీ చెబుతుంది. మూడు తెలిసిన రాళ్ల నుంచి దూరాలు కొలిచి నాలుగో రాయి స్థానం తేల్చడం మీకు కొత్త కాదు. ఇది అదే లెక్క. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో, టెక్నియన్ సంస్థలో ష్లోమో బెన్‌హైమ్ బృందం దీన్ని రూపొందించి 1997లో ప్రకటించింది. ప్రయోగశాలలో దాని తేడా ఒక మిల్లీమీటరు లోపే ఉంది.

రెండవది విద్యుత్ నిరోధం ఆధారంగా కొలిచే పద్ధతి. ఛాతీ ముందూ వెనకా, పక్కలా, పైనా కిందా మూడు జతల అతుకులు అంటించి వాటి మధ్య రోగికి తెలియనంత స్వల్ప విద్యుత్తును పంపుతారు. గుండెలోని ఎలక్ట్రోడ్ దగ్గర కనిపించే వోల్టేజీని బట్టి దాని స్థానం లెక్కకడతారు. దీనిలో ఏ కాథెటర్ అయినా కనిపిస్తుంది, అదొక మేలు. కానీ ఊపిరితిత్తులు, ఎముక, రక్తం విద్యుత్తును ఒకే తీరుగా పోనివ్వవు కాబట్టి దూరాలు అక్కడక్కడ సాగినట్టు, కుదించినట్టు వస్తాయి. అందుకే ఇప్పటి యంత్రాలు రెండు పద్ధతులనూ కలిపి వాడుతున్నాయి.

తెరవెనుక (సోమవారం, మధ్యాహ్నం 2.40)

తేడాను ఎలా పట్టుకుంటామన్నదానికి నా అనుభవం చెబుతాను. గుండె స్పందనలో ఎప్పుడూ ఒకే దశలో స్థానం నమోదవుతుంది; ఊపిరి వదిలిన దశలోని బిందువులనే తీసుకునేలా యంత్రాన్ని అమర్చుతాం. రోగి వీపు మీద అంటించే అతుకు యంత్రానికి ఆధార రాయి వంటిది. రోగి నడుము నొప్పితో కాస్త పక్కకు జరిగినా, మధ్యలో షాక్ ఇవ్వాల్సి వచ్చి ఒళ్లు ఎగిరిపడినా పటం మొత్తం కొన్ని మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. దీన్ని మేము మ్యాప్ షిఫ్ట్ అంటాం. అప్పుడు కాథెటర్‌ను ముందుగా గుర్తు పెట్టుకున్న ఒకటి రెండు చోట్లకు తీసుకువెళ్లి, తెరమీది బొమ్మతో కలుస్తున్నదో లేదో సరిచూస్తాం. గొలుసుకొలత గారు చెప్పిన బయలుదేరిన రాయి ఇదే. కలవకపోతే మళ్లీ పటం తీయాలని చెప్పడం మా బాధ్యత. ఎంత ఆలస్యమైనా ఆ మాట చెప్పి తీరాలి, ఎందుకంటే పై గదుల ప్రేరణను కింది గదులకు దించే ఏవీ నోడ్ దగ్గర నాలుగైదు మిల్లీమీటర్ల తేడా అంటే రోగికి జీవితాంతం పేస్‌మేకర్ అవసరం కావచ్చు.

నాడిపట్టు (సోమవారం, రాత్రి 9.50)

స్థానం గురించి చక్కగా చెప్పారు. నా ఉద్దేశంలో మరింత పెద్ద పొరపాటుకు ఆస్కారం ఉన్నది స్థానంలో కాదు, కాలంలో. కృష్ణాతీరం గారి ప్రశ్నకు అసలు జవాబు కూడా అక్కడే ఉంది.

ఒకే చోట పుట్టి అన్ని దిక్కులకూ పాకే టాకికార్డియా (గుండె అతివేగం) అయితే, పటంలో ఎర్రని మచ్చ నిజంగానే పుట్టినచోటు. అక్కడ కాల్చితే ఆగిపోతుంది. వలయంలో తిరిగే టాకికార్డియాకు మొదలంటూ లేదు. ఊరేగింపు గుడి చుట్టూ తిరుగుతూనే ఉంటే ఎక్కడ మొదలైందని చెబుతాం? అయినా యంత్రం రంగులు వేయాలి కాబట్టి ఒక ఆరంభం కావాలి. కొలత ఏ క్షణం నుంచి మొదలవ్వాలో, అంటే కాలపు కిటికీని ఎక్కడ తెరవాలో మేమే నిర్ణయిస్తాం. కిటికీని కాస్త జరిపితే ఎరుపు వేరే గోడ మీదకు పోతుంది. వలయం మారలేదు, గుండె మారలేదు, బొమ్మ మాత్రం మారింది. అందుకే వలయంలో ఎరుపు ఎక్కడుందో చూడం. ఎరుపూ ఊదా ఎక్కడ కలుసుకుంటున్నాయో, మొత్తం చక్రకాలంలో (ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయంలో) కనీసం 90 శాతం ఆ గదిలోని బిందువుల్లో దొరికిందో లేదో చూస్తాం. చక్రకాలం 240 మిల్లీసెకన్లు ఉండి, కుడి కర్ణిక అంతా తిరిగినా 130 మాత్రమే దొరికితే, వలయంలో మిగతా భాగం ఎడమ కర్ణికలో ఉండవచ్చు.

చుక్కల ముగ్గుతో పోల్చి చెబుతాను. అవే చుక్కలు పెట్టి ఇద్దరు రెండు రకాల ముగ్గులు వేయగలరు. మా పటం కూడా అంతే. చుక్కలు సరిగ్గా ఉన్నా, వాటిని కలిపే గీత తప్పు కావచ్చు. అందువల్ల కాల్చే ముందు గుండెనే అడిగి నిర్ధారించుకునే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని ఎంట్రెయిన్‌మెంట్ అంటాం. అనుమానం ఉన్న చోట కాథెటర్‌ను ఆనించి, టాకికార్డియా కంటే కొద్దిగా వేగంగా, ఉదాహరణకు 220 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున ప్రేరణ ఇచ్చి ఆపుతాం. మేమిచ్చిన చివరి ప్రేరణ వలయమంతా తిరిగి అదే చోటికి ఎంతసేపటికి వచ్చిందో కొలుస్తాం. చక్రకాలానికి 30 మిల్లీసెకన్ల లోపు తేడాతో వస్తే ఆ చోటు వలయంలో ఉన్నట్టు. నూరు మిల్లీసెకన్లు ఎక్కువ పట్టిందంటే, పటంలో ఎంత అందమైన రంగు ఉన్నా అది పక్కదారి, అక్కడ కాల్చకూడదు.

నేను శిక్షణలో ఉన్న రోజుల్లో ఈ పరీక్ష చేయకుండా పటాన్నే నమ్మి, రెండు గంటలపాటు తప్పు చోట కాల్చడం చూశాను. ఆ రోగికి నెల తిరగకుండా దడ మళ్లీ వచ్చింది. నా వంతుగా నేర్చుకున్న విషయాల్లో దీనికంటే విలువైనది లేదు.

డల్లాస్‌నుంచి (మంగళవారం, ఉదయం 8.15)

నాడిపట్టు గారి మాటకు చరిత్ర కూడా సాక్ష్యం చెబుతుంది. జార్జ్ మైన్స్ అనే యువ శాస్త్రవేత్త 1913లోనే, జంతువుల గుండె కణజాల వలయంలో ప్రేరణ తిరుగుతూ ఉండటాన్ని చూపించి, అది నిజంగా తిరుగుతున్నదని చెప్పాలంటే వలయాన్ని ఒకచోట కోసి చూడాలని వాదించాడు. కోస్తే ఆగాలి. ఇప్పటికీ అబ్లేషన్ చేసే పని అదే. 1968లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో విల్ సీలీ బృందం, వోల్ఫ్–పార్కిన్సన్–వైట్ లోపం ఉన్న ఒక జాలరికి ఛాతీ తెరిచి, గుండె పైపొర మీద ఎలక్ట్రోడ్‌ను చోటు చోటా ఆనించి కాలాలు రాసుకుని, అదనపు విద్యుత్ దారి ఎక్కడుందో పటం గీసుకున్నాకే కత్తి పెట్టింది. కంప్యూటర్ లేని కాలంలో చేతితో గీసిన పటం అది. కాథెటర్ ద్వారా కాల్చడం 1982లో మనుషుల్లో మొదలైంది. అప్పట్లో నేరుగా విద్యుత్ షాక్ ఇచ్చేవారు, ఆ దశాబ్దం చివరికి రేడియో తరంగాల వేడి వచ్చింది.

అయితే పటం ఉన్నంత మాత్రాన ఫలితం మెరుగవుతుందని అనుకోకూడదు. కర్ణికలు క్రమం లేకుండా అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ విషయం చూడండి. 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ హైసాగెర్ బృందం 45 మంది రోగులను పరిశీలించి, ఫిబ్రిలేషన్‌ను రాజేసే 69 కేంద్రాల్లో 94 శాతం, ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే పుపుస సిరల్లోనే ఉన్నాయని చూపించింది. పటం ఇచ్చిన గొప్ప విజయం ఇది. తరువాత, ఆగకుండా సాగే ఫిబ్రిలేషన్‌లో సంకేతాలు చిందరవందరగా ఉన్న చోట్లను కూడా వెతికి కాల్చితే మేలని చాలామంది నమ్మారు. 589 మందితో జరిగిన స్టార్ ఏఎఫ్ 2 పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. పుపుస సిరలను మాత్రమే విద్యుత్ పరంగా కర్ణిక నుంచి వేరు చేసినవారిలో 59 శాతం మందికి పద్దెనిమిది నెలల వరకు ఫిబ్రిలేషన్ తిరిగి రాలేదు. చిందరవందర సంకేతాలను కూడా కాల్చినవారిలో అది 49 శాతం, అదనపు గీతలు గీసినవారిలో 46 శాతం. ఎక్కువ కాల్చినందువల్ల మేలు కలగలేదు.

మరొకటి. 2016లో వచ్చిన ఫైర్ అండ్ ఐస్ పరిశోధనలో 762 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు త్రీడీ పటంతో రేడియో తరంగాల చికిత్స, రెండో జట్టుకు ఎక్స్‌రే సాయంతో సిర ముఖంలో బెలూన్ ఉంచి అతిచల్లదనంతో కణజాలాన్ని గడ్డకట్టించే చికిత్స చేశారు. బెలూన్ జట్టు వెనకబడలేదు. కాబట్టి మొదటిసారి పుపుస సిరలను వేరు చేయడానికి త్రీడీ పటం లేకపోయినా గడుస్తుంది. మచ్చ చుట్టూ తిరిగే ఫ్లటర్‌లో గడవదు. ఏ జబ్బుకు అడుగుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

పెన్నాఒడ్డు (మంగళవారం, సాయంత్రం 5.30)

మా నాన్నగారికి పదేళ్ల క్రితం గుండెపోటు వచ్చింది. గుండె వేగం ప్రమాదకరంగా పెరిగితే తానే షాక్ ఇచ్చే ఐసీడీ యంత్రం అమర్చారు. గత నెలలో ఒకే రాత్రి నాలుగుసార్లు షాక్ కొట్టింది. ఆ రాత్రిని మా అమ్మ ఇంకా మరచిపోలేదు. జఠరికలో (గుండె కింది గదిలో) అబ్లేషన్ చేయాలంటున్నారు. ఆ వేగం మొదలైతే ఆయనకు బీపీ పడిపోయి స్పృహ తప్పుతుంది. అలాంటప్పుడు టాకికార్డియా నడుస్తుండగా పటం ఎలా తీస్తారు?

నాడిపట్టు (మంగళవారం, రాత్రి 10.25)

పెన్నాఒడ్డు గారూ, మీ నాన్నగారి వంటివారిలో టాకికార్డియా నడవనవసరం లేకుండానే, గుండె మామూలు లయలో ఉండగానే పటం తీస్తాం. ఇందులో చూసేది కాలం కంటే ముఖ్యంగా వోల్టేజీ. జఠరిక లోపలి గోడలో సంకేతం 1.5 మిల్లీవోల్టుల కన్నా ఎక్కువ ఉంటే ఆరోగ్యకరమైన కండరంగా, 0.5 కన్నా తక్కువ ఉంటే గట్టి మచ్చగా, మధ్యలో ఉంటే అంచు ప్రాంతంగా పరిగణిస్తాం. గుండెపోటులో చనిపోయిన కండరం మధ్య సన్నని పోగుల్లా బతికిన కండరం మిగిలి ఉంటుంది. ప్రేరణ వాటిలో నత్తనడకన సాగి, చుట్టూ ఉన్న కండరమంతా స్పందించాక ఆలస్యంగా చిన్న సంకేతంగా బయటపడుతుంది. ఆ ఆలస్యపు సంకేతాలున్న చోట్లను గుర్తించి వాటిని నిశ్శబ్దం చేస్తే షాకులు చాలామందిలో తగ్గుతాయి. ఇది తేలిక చికిత్స కాదు. అనుభవమున్న కేంద్రంలోనే చేయించండి, ఐసీడీ రికార్డులన్నీ వెంట తీసుకువెళ్లండి. షాక్ కొట్టే ముందు నమోదైన టాకికార్డియా వేగం వాటి ద్వారా తెలుస్తుంది.

కృష్ణాతీరం (బుధవారం, ఉదయం 7.30)

అందరికీ కృతజ్ఞతలు. మేము త్రీడీ మ్యాపింగ్‌తోనే చేయించాలని నిర్ణయించుకున్నాం. వెళ్లేముందు వైద్యులను ఏమి అడగాలో చెప్పండి.

తెరవెనుక (బుధవారం, మధ్యాహ్నం 12.10)

నాకు తోచినవి రాస్తాను. ఫ్లటర్ నడుస్తుండగా పటం తీయాలి కాబట్టి లయను అదిమిపట్టే మాత్రలను కొన్ని రోజుల ముందే ఆపమంటారు. ఏవి, ఎప్పటి నుంచి అన్నది రాయించుకోండి. రక్తం పలచబరిచే మందు మాత్రం వారు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపవద్దు. కర్ణికలో రక్తపు గడ్డ లేదని అన్నవాహిక గుండా చేసే ఎకోతో చూస్తారా అని అడగండి. ఎడమ కర్ణికలోకి వెళ్లాల్సి వస్తే గోడను గుచ్చి వెళ్తారు. చిన్నప్పుడు రంధ్రాన్ని అతుకు వేసి మూశారా, కుట్టి మూశారా అన్నది అప్పుడు ముఖ్యమవుతుంది. పాత శస్త్రచికిత్స కాగితం ఎంత చిరిగినా వెతికి పట్టుకెళ్లండి. కోత ఎక్కడ పెట్టారో అందులో ఉంటే మా పని సగం తేలికవుతుంది. ఒకసారి వాడే కాథెటర్లను శుద్ధి చేసి మళ్లీ వాడే అలవాటు కొన్ని చోట్ల ఉంది కాబట్టి, కొత్తదే వాడతారా అని మొహమాటపడకుండా అడగండి. నడుము నొప్పి ఉంటే ముందే చెప్పమనండి. కదలకుండా పడుకోలేనివారికి మత్తు ఎక్కువ ఇచ్చి చేస్తారు.

గుండె చుట్టూ రక్తం చేరడం, పక్షవాతం, ఏవీ నోడ్ దెబ్బతినడం వంటి ముప్పులు అరుదైనవే అయినా ఉన్నాయి. ఆ కేంద్రంలో అటువంటివి ఎన్ని జరిగాయో అడిగే హక్కు మీకుంది.

కృష్ణాతీరం (నాలుగు వారాల తరువాత, ఆదివారం, సాయంత్రం 6.00)

అక్కయ్యకు చికిత్స జరిగి పన్నెండు రోజులైంది. ఆ తరువాత వైద్యులు మమ్మల్ని కూర్చోబెట్టి పటం చూపించారు. ఈసారి రంగుల కంటే ముందు బిందువులు చూపించమని అడిగాను. ఆయన సంతోషంగా చూపించారు.

కుడి కర్ణిక పక్క గోడ మీద నిలువుగా బూడిద రంగు మచ్చ కనిపించింది. 1980ల నాటి ఆ కోత ఇన్నేళ్లకు తెరమీద కళ్లెదుట కనబడేసరికి మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. వలయం ఆ మచ్చ చుట్టూ తిరుగుతోంది. పేసింగ్ (ప్రేరణలిచ్చి చూసే పరీక్ష) చేసి నిర్ధారించుకున్నాక మచ్చ కింది కొన నుంచి పెద్ద సిర వరకు గీత గీశారు. అప్పుడు ఫ్లటర్ ఆగలేదు, చక్రకాలం 240 నుంచి 265 మిల్లీసెకన్లకు మారింది. మళ్లీ పటం తీస్తే ఈసారి త్రిపత్ర కవాటం చుట్టూ తిరుగుతోందట. నాడిపట్టు గారు రాసిన ఎనిమిది అంకె గుర్తుకొచ్చింది. రెండో గీత పూర్తవుతుండగా ఫ్లటర్ ఆగి మామూలు లయ వచ్చింది. ఆగినంతనే సరిపెట్టుకోకుండా, గీతకు ఇటువైపు నుంచీ అటువైపు నుంచీ ప్రేరణ ఇచ్చి ఏ దిశలోనూ దాటడం లేదని చూసి, అరగంట ఆగి మరోసారి పరీక్షించారు.

ఇప్పుడు నాడి 72 ఉంది. రక్తం పలచబరిచే మందు కొనసాగుతోంది.

గొలుసుకొలత (ఆదివారం, రాత్రి 7.15)

చాలా సంతోషం. అరగంట ఆగి మళ్లీ చూశారన్న మాట నాకు అన్నింటికంటే నచ్చింది. అక్కగారికి నా ఆశీస్సులు చెప్పండి.

తెరవెనుక (ఆదివారం, రాత్రి 9.40)

కృష్ణాతీరం గారూ, ఒక్క పని మిగిలి ఉంది. ఆ పటం చిత్రాలనూ, గీతలు ఎక్కడెక్కడ గీశారో, చక్రకాలాలు ఎంతెంతో రాసిన నివేదికనూ ఒక ప్రతి అడిగి దాచుకోండి. డిశ్చార్జ్ కాగితంలో అబ్లేషన్ జరిగింది అని ఒక్క వాక్యమే ఉంటుంది. ఎప్పుడైనా దడ మళ్లీ వస్తే, వేరే ఊళ్లో వేరే వైద్యుడు చూడాల్సి వచ్చినా, ఏ గీతలో సందు తెరుచుకుని ఉండవచ్చో ఆ నివేదికను చూసి మొదలుపెట్టగలడు.